బిట్ వేరు, ప్రశ్న వేరు

తొలి తెలుగు టాకీ ఏది అంటే 'భక్త ప్రహ్లాద' అని బడి పిల్లలు కూడా చెప్పేస్తారు. ఎప్పుడు విడుదలైంది అని అడిగితేనే చిక్కు. దశాబ్దాల పాటు పత్రికలూ పుస్తకాలూ 1931 సెప్టెంబరు 15 అని రాస్తూ వచ్చాయి. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆనాటి పత్రికలూ సెన్సారు వివరాలూ తవ్వి తీసి, హెచ్.ఎం. రెడ్డి తీసిన ఆ సినిమా నిజానికి 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని చూపించారు. పాత బిట్ బ్యాంకుల్లో మాత్రం 1931 చెక్కుచెదరలేదు. అదే బిట్ ఏదో ఒక పోటీలో వస్తుంది, అదే పాత కీతో దిద్దుతారు. బిట్ బ్యాంకు బట్టీ పట్టినవాడికి మార్కు వస్తుంది, కొత్త పరిశోధన చదివినవాడికి పోతుంది.

క్విజ్ ప్రశ్నల గురించి ఎన్ని సిద్ధాంతాలు చెప్పుకున్నా చివరికి నేను చూసేది ఈ ఒక్కటే. తక్కువ తెలిసినవాడు ఓడిపోతే అందులో అన్యాయం ఏమీ లేదు. ఎక్కువ తెలిసినవాణ్ణి ఓడించే ప్రశ్న చెడ్డ ప్రశ్న. చరిత్ర, చిత్రకళ, సంగీతం, జీకే అంటూ మనం రాసుకుంటున్న ప్రశ్నలను ఈ గీటురాయి మీద గీసి చూస్తే చాలా వాటి రంగు బయటపడుతుంది.

ముందు ఈ ప్రశ్నలు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. నాలుగు ఆప్షన్ల బిట్‌కు నూరేళ్లు దాటాయి. అమెరికాలోని కాన్సాస్‌లో ఫ్రెడరిక్ కెల్లీ అనే విద్యావేత్త 1914-15 ప్రాంతంలో పిల్లల చదివే శక్తిని కొలవడానికి ఒక పరీక్ష తయారుచేశాడు. అందులో ఆవు, పులి, ఎలుక, తోడేలు అని నాలుగు పేర్లిచ్చి, పొలానికి పనికొచ్చే జంతువు పేరు చుట్టూ గీత గీయమన్నాడు. దిద్దేవారి ఇష్టాయిష్టాలకు తావుండదు, గంటల పని నిమిషాల్లో తెములుతుంది. లక్షల మంది కూర్చునే గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు ఇవాళ్టికీ వేరే దారి లేదు. కాబట్టి బిట్‌ను నేను తిట్టిపోయను. పరీక్ష హాలు కోసం పుట్టిన బిట్ వేదికెక్కి క్విజ్ అని పేరు పెట్టుకోవడమే నాకు నచ్చదు.

క్విజ్ మనకు మరో దారిలో వచ్చింది. 1967లో కలకత్తాలోని క్రైస్ట్ ది కింగ్ చర్చి హాల్లో నీల్ ఓబ్రయన్ నడిపినదే మన దేశంలో తొలి క్విజ్ అంటారు. ('తొలి' అన్న మాట మీద ఈ వ్యాసంలో ఇంకా చాలా గొడవ ఉంది, అయినా నేనూ వాడక తప్పలేదు.) తర్వాత రేడియోలో బోర్న్‌విటా క్విజ్ కాంటెస్ట్ వచ్చింది. 1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు 'క్విజ్ టైమ్' మొదలైంది. హైదరాబాద్‌లో కె-సర్కిల్ అనే క్విజ్ క్లబ్బు 1970ల నుంచీ ఉంది. బెంగళూరులో 1983లో వింగ్ కమాండర్ ముల్కీ కర్ణాటక క్విజ్ అసోసియేషన్ పెట్టారు. ఈ క్లబ్బుల్లో ఒక పద్ధతి స్థిరపడింది. ప్రశ్న నాలుగైదు వాక్యాలుంటుంది. ఆప్షన్లుండవు. ప్రశ్నలోనే ఆనవాళ్లుంటాయి, నలుగురూ గుసగుసగా తర్కించుకుని జవాబు పట్టుకుంటారు. ఇలాంటివాటిని 'వర్కవుట్' అయ్యే ప్రశ్నలంటారు. చెప్పలేకపోతే పక్క జట్టుకు 'బౌన్స్', ధైర్యముంటే తమ వంతు కాకపోయినా 'పౌన్స్'. సంవత్సరాల పట్టికలు బట్టీ పట్టినవాడికి ఇక్కడ పెద్ద లాభం ఉండదు.

మూడోది టీవీ. 2000 జూలైలో 'కౌన్ బనేగా కరోడ్‌పతి' మొదలైనప్పటి నుంచి క్విజ్ అంటే డబ్బు నిచ్చెన అయింది. తెలుగులో 2014లో నాగార్జునతో 'మీలో ఎవరు కోటీశ్వరుడు' వచ్చింది. తర్వాత చిరంజీవి, ఆపైన 2021లో 'ఎవరు మీలో కోటీశ్వరులు' పేరుతో జూనియర్ ఎన్టీఆర్ ఆ కుర్చీలో కూర్చున్నారు. టీవీ ప్రశ్నకు ఒక గొప్ప గుణముంది. హాట్ సీట్లో ఉన్నవాళ్లతో పాటు ఇంట్లో అన్నం తింటూ చూసే అమ్మమ్మ కూడా జవాబు చెప్పాలనుకునేలా ఉండాలి. దానికి ఉన్న జబ్బు కూడా పాతదే. 1956లో అమెరికాలో 'ట్వంటీ వన్' అనే షోలో హెర్బర్ట్ స్టెంపెల్ అనే పోటీదారు వరసగా గెలుస్తుంటే నిర్మాతలకు రేటింగు కావలసి వచ్చింది. 1955 ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకున్నది ఏది అన్న ప్రశ్నకు జవాబు 'మార్టీ' అని తెలిసి కూడా తప్పు చెప్పమన్నారు. చెప్పాడు, ఓడిపోయాడు. అతని స్థానంలో గెలిచిన చార్ల్స్ వాన్ డోరెన్ తనకు జవాబులు ముందే అందాయని 1959లో అమెరికా కాంగ్రెస్ ముందు ఒప్పుకున్నాడు. తెలిసినవాణ్ణి ఓడించడం అక్కడ అక్షరాలా జరిగింది. మన బిట్ బ్యాంకులు అదే పని కుట్ర లేకుండా, అజాగ్రత్తతో చేస్తున్నాయి.

ఆ అజాగ్రత్త ఎక్కువగా కనిపించేది చరిత్ర ప్రశ్నల్లో. చరిత్ర అనగానే మనవాళ్ల కలం 'తొలి' దగ్గర ఆగుతుంది. తొలి తెలుగు నవల ఏది? కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్ర', 1878 అని కీ చెబుతుంది. నరహరి గోపాలకృష్ణమ చెట్టి 'శ్రీ రంగరాజ చరిత్ర' 1872లోనే వచ్చింది. తొలి తెలుగు కథ? గురజాడ 'దిద్దుబాటు', 1910. బండారు అచ్చమాంబ 'ధన త్రయోదశి' 1902 నాటిది. ఏది నవల, ఏది ఆధునిక కథ అన్న దాని మీద విమర్శకులు ఇంకా వాదించుకుంటున్నారు. ఆ వాదం సాహిత్యానికి మంచిదే. దాన్ని నాలుగు ఆప్షన్ల మధ్య ఇరికించి, ఒకటే ఒప్పు అనడం దొంగతనంగా తీర్పు చెప్పడమే.

భాషా ప్రాతిపదికన ఏర్పడ్డ తొలి రాష్ట్రం ఏది అన్నదీ ఇంతే. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న కన్నుమూశాక 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మన పిల్లలందరూ అదే చెబుతారు. ఒడియా కుర్రాడు లేచి, మా ఒరిస్సా 1936 ఏప్రిల్ 1నే భాష ఆధారంగా ఏర్పడింది కదా అంటే క్విజ్ మాస్టర్ ఏం చేస్తాడు? 'స్వతంత్ర భారతంలో' అన్న రెండు మాటలు ముందు పెట్టి ఉంటే ఈ ఇబ్బంది లేదు. తొలి ముఖ్యమంత్రి ఎవరు అన్నప్పుడు కూడా, ఆంధ్ర రాష్ట్రమైతే టంగుటూరి ప్రకాశం, ఆంధ్రప్రదేశ్ అయితే నీలం సంజీవరెడ్డి, హైదరాబాద్ రాష్ట్రంలో ఎన్నికైన ప్రభుత్వమైతే బూర్గుల రామకృష్ణారావు. 'ఎన్నికైన' అన్న మాట తీసేస్తే అంతకు ముందు 1950లో నియమితుడైన వెల్లోడి అడ్డొస్తారు. ప్రశ్న రాసేవాడి చదువు ఇలాంటి విశేషణాల్లోనే తెలుస్తుంది.

అష్టదిగ్గజాల పేర్లు అడిగేవాళ్లకు ఒక మనవి. రాయల కొలువులో దిగ్గజాలు ఉన్నారన్న దానికి తిప్పలూరు శాసనం ఆధారం ఉంది. ఆ ఎనిమిది మందీ ఎవరన్నదే తేలలేదు. తెనాలి రామకృష్ణుడు రాయల తర్వాతి కాలం వాడన్న వాదన బలంగా ఉంది. చార్మినార్ 1591లో కులీకుతుబ్‌షా కట్టించాడన్నది అడగొచ్చు. ప్లేగు పోయినందుకే కట్టించాడా, భాగమతి కోసమా అన్నవి కథలుగా అడగాలి, చరిత్రగా అడగకూడదు.

మంచి చరిత్ర ప్రశ్న ఎలా ఉంటుందో ఒకటి రాసి చూపిస్తాను. రామప్ప గుడి ఏ సంవత్సరంలో కట్టారు అంటే అది బిట్. దాన్నే ఇలా అడగొచ్చు: "మన గుళ్లకు సాధారణంగా దేవుడి పేరో, ఊరి పేరో, కట్టించిన రాజు పేరో ఉంటుంది. పాలంపేటలో 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రుద్రేశ్వరాలయాన్ని మాత్రం జనం వేరొకరి పేరుతో పిలుస్తారు. 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కినప్పుడు ప్రపంచమంతటికీ తెలిసిన ఆ పేరు గల మనిషి, జనం చెప్పుకునే ప్రకారం, ఏ పని చేసేవాడు?" శిల్పి అని తెలియనివాడు కూడా రాజు కాదు, దేవుడు కాదు, సేనాని కాదు అని ఒక్కొక్కటే కొట్టేస్తూ అక్కడికి చేరగలడు. చేరలేకపోయినా, మన దేశంలో గుడికి శిల్పి పేరు నిలిచిపోయిందన్న సంగతి ఇంటికి తీసుకెళ్తాడు. 'జనం చెప్పుకునే ప్రకారం' అన్న మాట కూడా చూడండి. ఆ పేరు సంప్రదాయంగా వచ్చిందే తప్ప శాసనంలో చెక్కినది కాదని తెలిసినవాడికి అభ్యంతరం చెప్పే అవసరం రాదు.

సంగీతం మరీ రుచికరమైన క్షేత్రం, మరీ పాడు చేసింది కూడా ఇక్కడే. తోడి ఎన్నో మేళకర్త? ఎనిమిది. అయిపోయింది, ఎవరికీ ఏమీ ఒరగలేదు. మేళకర్తల పట్టికలోనే ఎంత చక్కని లెక్క దాగి ఉందో చూడండి. 72లో మొదటి 36 శుద్ధమధ్యమ రాగాలు, తర్వాతి 36 అవే స్వరాలతో మధ్యమం మాత్రం మారిన ప్రతిమధ్యమ రాగాలు. శంకరాభరణం 29, కల్యాణి 65. ఈ రెండు సంఖ్యలూ చెప్పేసి, "ఖరహరప్రియ 22వది. అందులో మధ్యమం ఒక్కటీ మారిస్తే హేమవతి. హేమవతి సంఖ్య ఎంత?" అని అడిగితే సంగీతం రాని ఇంజనీరింగ్ విద్యార్థి కూడా కూడిక చేసి 58 అంటాడు. ఆ రోజు నుంచీ, ఈ 72 మేళాల లెక్క కట్టిన వేంకటమఖి పద్ధతి అతనికి గుర్తుంటుంది.

సమానమైన పేర్ల ఉచ్చు ఇంకొకటి. కర్ణాటక హిందోళం, హిందుస్తానీ హిందోల్ ఒకటి కావు. హిందోళానికి దగ్గరగా ఉండేది మాల్కౌఁస్. కర్ణాటక తోడి స్వరాలు హిందుస్తానీ భైరవికి కలుస్తాయి. హిందుస్తానీ తోడి మన శుభపంతువరాళికి దగ్గర. కాబట్టి ఇలా అడగొచ్చు: "ఇద్దరు విద్వాంసులు జుగల్‌బందీకి కూర్చుని ఇద్దరూ 'తోడి' అనుకున్నారు. మొదలుపెట్టగానే స్వరాలు తగువులాడుకున్నాయి. కర్ణాటక విద్వాంసుడు తన తోడి వదలనంటే, హిందుస్తానీ ఆయన ఏ రాగం ఎత్తుకోవాలి?" ఈ ప్రశ్నలో ఉచ్చు ఉన్నా అన్యాయం లేదు. పేరు చూసి మోసపోయేది తక్కువ తెలిసినవాడే.

'నాటు నాటు'కు ఆస్కార్ ఎవరికి వచ్చింది అన్న ప్రశ్న ఇప్పుడు ప్రతి కాలేజీ క్విజ్‌లోనూ ఉంది. 2023 మార్చిలో ఆ పురస్కారం అందుకున్నది సంగీత దర్శకుడు కీరవాణి, గీత రచయిత చంద్రబోస్. ఉత్తమ ఒరిజినల్ సాంగ్ విభాగంలో ఆస్కార్ పాడినవారికి కాదు, పాట కట్టినవారికి వెళ్తుంది. 'ఆర్ఆర్ఆర్' సినిమాకు అని ఒకడు, రాజమౌళికి అని ఒకడు, గాయకులకని మరొకడు అంటారు. ఒక్క ప్రశ్నతో ఆస్కార్ నిబంధన మొత్తం తెలిసిపోతుంది. సినిమా పాట వినిపించి రాగం అడిగే ఆడియో రౌండ్ దగ్గర మాత్రం జాగ్రత్త. సినిమా పాటల్లో అన్యస్వరాలు తరచుగా దూరుతుంటాయి. 'ప్రధానంగా ఏ రాగచ్ఛాయ' అని అడగకపోతే సంగీతం నేర్చుకున్నవాడే తటపటాయించి బజర్ ఆలస్యంగా నొక్కుతాడు.

చిత్రకళలో మనం అసలు ప్రశ్నలే రాయడం లేదు. మోనాలిసా గీసింది ఎవరు దగ్గరే బండి ఆగిపోయింది. రాజమండ్రిలో ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఒకే కళాశాలలో దామెర్ల రామారావునూ అడివి బాపిరాజునూ ప్రోత్సహించాడు. దామెర్ల 28 ఏళ్లు నిండకముందే 1925లో పోయాడు. అక్కడ ఎన్ని ప్రశ్నలున్నాయో! తెరమీద బొమ్మ కూడా వేయనక్కర్లేని విజువల్ రౌండ్ ఒకటుంది. శుభలేఖల మీద, సినిమా పోస్టర్ల మీద మనం రోజూ చూసే ఆ వంపుల అక్షరాలతో ఒక వాక్యం చూపించి, "ఇది ఎవరి చేతిరాత?" అని అడగండి. బాపు అని హాలంతా ఒక్కసారే అరుస్తుంది. చందమామ బొమ్మలో ఒక మూలన ఉన్న వ.పా. సంతకం మీద కాగితం అంటించి, వడ్డాది పాపయ్య గీతను గుర్తుపట్టమనడం దానికంటే ఒక మెట్టు పైన. కలంకారీ రెండు ముక్కలు పక్కపక్కన చూపించి, కలంతో గీసింది ఏది, అచ్చుతో అద్దింది ఏది, వాటి ఊళ్లేవి అని అడిగితే శ్రీకాళహస్తికీ మచిలీపట్నానికీ తేడా కళ్లకు కడుతుంది. కళ ప్రశ్నలో కన్నుకు పని ఉండాలి. పేరూ సంవత్సరమూ అడిగితే అది చరిత్ర ప్రశ్నే.

జీకేకు ఉన్న జబ్బు వయసు. రెండో పొడవైన తీరరేఖ ఉన్న రాష్ట్రం ఏది? దశాబ్దాలుగా ఆంధ్రప్రదేశ్, 974 కిలోమీటర్లు. ఈ మధ్య కేంద్రం తీరాన్ని సూక్ష్మంగా కొలిచి లెక్క సవరించింది. దేశపు తీరరేఖ 7,516 కిలోమీటర్ల నుంచి 11,098కి పెరిగింది. ఆంధ్రప్రదేశ్ 1,053కి పెరిగినా తమిళనాడు 1,068తో దాన్ని దాటేసింది. సముద్రం జరగలేదు, కొలబద్ద మారింది. వంకరలు ఎంత దగ్గరగా కొలిస్తే తీరం అంత పొడవవుతుంది. నిజానికి అడగవలసిన ప్రశ్న ఇదే: భూమి అదే, సముద్రం అదే, పొడవు ఎలా పెరిగింది? జిల్లాల సంఖ్య గురించి చెప్పనక్కర్లేదు. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 కాస్తా 2022లో 26 అయ్యాయి. 'ప్రస్తుతం' అన్న మాటతో ప్రశ్న రాసినవాడు తేదీ వేయకపోతే ఆ ప్రశ్న ఏడాదిలో అబద్ధమాడుతుంది.

ఇక ఆప్షన్ల సంగతి. నాలుగు ఉండి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. ఎనభై ఏళ్ల పరిశోధనలను కలిపి చూసిన మైఖేల్ రోడ్రిగెజ్ 2005లో మూడు ఆప్షన్లు చాలని తేల్చాడు. నాలుగోది చాలాసార్లు ఎవరూ ఎంచుకోని బొమ్మే. తప్పు ఆప్షన్లకు మరో హాని కూడా ఉంది. అదే ఏడాది హెన్రీ రోడిగర్, ఎలిజబెత్ మార్ష్ చేసిన ప్రయోగాల్లో, ఆప్షన్ల పరీక్ష రాసినవారు అందులోని తప్పు జవాబుల్ని తర్వాత నిజాలుగా గుర్తుపెట్టుకోవడం బయటపడింది. అంటే క్విజ్ అయిపోయాక సరైన జవాబు చెప్పకుండా పంపేస్తే మనం కొన్ని అబద్ధాలు నేర్పి పంపినట్టే. పరీక్ష రాయడం వల్ల విషయం బాగా గుర్తుంటుందన్నది కూడా అదే రోడిగర్, కార్పికేతో కలిసి 2006లో చూపించాడు. రెండూ నిజమే కాబట్టి బాధ్యత రెట్టింపు. మన భాషలో ఇంకో లీకేజీ ఉంది. 'ఈ నవల రాసిన రచయిత్రి ఎవరు?' అని అడిగి నాలుగు పేర్లలో ముగ్గురు మగవాళ్లను పెడతారు. వ్యాకరణమే కీ ఇచ్చేసింది.

అసలు కష్టం సరిచూసుకోవడంలో ఉంది. 'ట్రివియల్ పర్స్యూట్' ఆటను 1979లో కెనడాలో ఇద్దరు పాత్రికేయులు కనిపెట్టారు. అందులో టీవీ డిటెక్టివ్ కొలంబో అసలు పేరు ఫిలిప్ అని ఒక జవాబు ఉంది. ఆ పేరు ఫ్రెడ్ వర్త్ అనే విజ్ఞాన సంకలనకర్త తన పుస్తకంలో కావాలనే నాటిన అబద్ధం, కాపీ కొట్టేవాళ్లను పట్టుకోవడానికి. 1984లో దావా వేశాడు. వాస్తవాల మీద ఎవరికీ కాపీరైటు ఉండదని చెప్పి కోర్టులు కొట్టేశాయి. దావా ఓడినా పాఠం మిగిలింది: ఒకే పుస్తకం చూసి రాస్తే ఆ పుస్తకంలోని అబద్ధం కూడా మనదవుతుంది. ఇప్పుడు ఆ ప్రమాదం ఎన్నో రెట్లు. పది చోట్ల ఒకే మాట కనిపిస్తే పది ఆధారాలని భ్రమపడతాం, తొమ్మిది ఒకదాన్నుంచి ఎత్తినవే అయి ఉండొచ్చు. ఏఐని వంద ప్రశ్నలు రాయమంటే నిమిషంలో రాస్తుంది. వాటిలో తప్పులు కూడా ఒప్పుల్లాగే నున్నగా ఉంటాయి. దాన్ని వాడొద్దని నేను అనను, దాని జవాబును కీగా మాత్రం పెట్టుకోవద్దు.

రెండు భాషల్లో ఇచ్చే ప్రశ్నపత్రాల్లో తేడా వస్తే ఇంగ్లీషు ప్రతినే ప్రామాణికంగా తీసుకోవడం మనకు మామూలైపోయింది. ప్రశ్న ఇంగ్లీషులో పుట్టి తెలుగులోకి అద్దెకు వస్తుందని ఒప్పుకోవడమే ఇది. తెలుగులో చదువుకున్నవాడు ప్రశ్న అర్థం చేసుకోవడానికే సగం సమయం పోగొట్టుకుంటాడు. ఇక్కడ కూడా ఓడేది విషయం తెలిసినవాడే. మనకు ప్రశ్న అడిగే సంప్రదాయం లేక కాదు. అష్టావధానంలో సమస్య ఇచ్చే పృచ్ఛకుడు పైకి అసంబద్ధంగా కనిపించే పాదం ఇస్తాడు, లోపల దారి ఒకటి ఉంచుతాడు. పూరణ లేని సమస్య ఇచ్చినవాణ్ణి సభ మెచ్చదు. క్లబ్బుల వాళ్లు 'వర్కవుట్' అంటున్నదానికి మనవాళ్లు ఎప్పుడో పద్యంలో పందిరి వేశారు.

బడుల్లో, కాలేజీల్లో, ఊరి గ్రంథాలయాల్లో, అమెరికా తెలుగు సంఘాల వేడుకల్లో క్విజ్ రాసేవారికి నా విన్నపం ఒక్కటే. ప్రతి ప్రశ్న కింద ఆధారమూ, దాన్ని సరిచూసిన తేదీ రాసి పెట్టండి. పోటీ అయ్యాక ఆ కాగితం పిల్లలకిచ్చేయండి. ఎవరైనా లేచి "సార్, ఇది తప్పు" అంటే ముందు అతను చెప్పేది వినండి, నిజమైతే అతనికి మార్కు వేసి, మీ కీ దిద్దుకోండి.